నడక మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు

ఏటా జనవరి రెండో వారం వచ్చేసరికి మా ఔట్ పేషెంటు విభాగం ముందు ఒక తరహా రోగులు కనబడతారు. మోకాలు వాచినవారు, మడమ నొప్పితో కుంటుకుంటూ వచ్చేవారు, నడుం పట్టేసినవారు, కాలి వేలి మీద బొబ్బ పగిలి పుండైనవారు. ఏమైందండీ అని అడిగితే అందరి జవాబూ ఒక్కటే: "కొత్త సంవత్సరం కదండీ, వాకింగ్ మొదలుపెట్టానండీ." డిసెంబరు 31 రాత్రి తీర్మానం చేసుకుని, మర్నాడు తెల్లవారుజామున లేచి, ఇరవై ఏళ్ళుగా కుర్చీకి అలవాటుపడ్డ కాళ్ళను ఏకంగా గంటసేపు నడిపిస్తారు. నొప్పులు పడతాయి. నెల తిరగకముందే బూట్లు మంచం కిందికి చేరతాయి. "వ్యాయామం నాకు పడదండీ" అనే మాట మాత్రం జీవితాంతం నిలిచిపోతుంది.

ఇందులో తప్పంతా రోగులదే అనలేము. ఒక సంగతి చెబుతాము. కొన్నేళ్ళ క్రితం రిటైరైన ఒక హెడ్మాస్టరుగారు మా దగ్గరికి వచ్చేవారు. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు. ఆ రోజు బయట చాలామంది కూర్చుని ఉన్నారు. మేము మందుల చీటీ రాస్తూ రాస్తూ, తల ఎత్తకుండానే, "రోజూ ఒక గంట నడవండి మాస్టారూ" అన్నాము. ఆయన మాట తప్పని మనిషి. కొడుకు పట్నం నుంచి పంపిన కొత్త బూట్లు తొడుక్కుని మర్నాడే కాలేజీ గ్రౌండులో గంట నడిచారు. రెండో రోజూ నడిచారు. మూడో రోజూ నడిచారు. నాలుగో రోజు వారి భార్య మేజోళ్ళు ఉతకబోయి, వాటి మీద రక్తం మరక చూసి కేక వేశారట. చిటికెన వేలికి బొబ్బ లేచి, పగిలి, చీము పట్టింది. ఆయనకు నొప్పి తెలియనే లేదు. షుగరు వల్ల పాదాల స్పర్శ ఎప్పుడో తగ్గిపోయింది. రెండు నెలలు కట్లు కట్టినా వేలు దక్కలేదు, తీసేయవలసి వచ్చింది.

ఆయన మేము చెప్పినట్టే చేశారు. చెప్పేముందు ఆయన పాదాలను చూడనిది మేము. ఆ రోజు నుంచి మా దగ్గర "నడవండి" అనేముందు "చెప్పులు విప్పండి" అంటున్నాము. ఈ పాఠం రాయడానికి కారణమూ అదే.

నడిస్తే ఏమవుతుంది?

నడక మంచిదని అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగము. 1953లో లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారు బస్సు సిబ్బంది ఆరోగ్యం మీద చేసిన పరిశోధనను ప్రచురించారు. అవి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజంతా మెట్లెక్కి దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, దాదాపు ఒకే జీవనం. కానీ గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి పరిశోధనల్లో ఇది ఒకటి.

మనకు దగ్గరి ఉదాహరణ చెన్నైది. అక్కడ డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని సుమారు మూడేళ్ళపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండిలో మార్పులు చేసుకుని, రోజుకు కనీసం అరగంట చురుగ్గా నడవమని చెప్పి వెంటబడ్డవారిలో నూటికి 39 మందికి వచ్చింది. అందరికీ తప్పిందని కాదు. నూటికి పదహారు మంది ఆ అంచు నుంచి అప్పటికి జారిపోకుండా నిలిచారు. వారిలో మీరుండవచ్చు.

షుగరు ఉన్నవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కదులుతున్న కండరం రక్తంలోని చక్కెరను తనంతట తాను లాక్కుంటుంది. ఆ తరువాత కూడా ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజుల వరకు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తరువాత ఆ గుణం తగ్గిపోతుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచి వారమంతా కూర్చుంటే షుగరుకు పెద్దగా లాభం ఉండదు. వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వకూడదని చెప్పేది ఇందుకే.

"పొద్దున్నుంచి పనేనండీ"

ఈ మాట మాకు ఎక్కువగా చెప్పేది స్త్రీలు. "నాలుగింటికి లేస్తానండీ, రాత్రి పదింటి వరకు కాలు నిలవదు. ఇంకా నడవడమేంటి డాక్టరమ్మా?" అని ఒకావిడ కాస్త కోపంగానే అడిగారు. న్యాయమైన కోపమే. పొలంలో నాట్లు వేసేవారికి, ఇటుక మోసేవారికి, బావి నీళ్ళు తోడేవారికి మేము వాకింగ్ చెప్పము. వారికి కావలసింది విశ్రాంతి, కడుపునిండా తిండి. కానీ గ్యాసు పొయ్యి, మిక్సీ, కుళాయి వచ్చిన ఇళ్ళలో పని కాళ్ళకు విసుగు తెప్పిస్తుందే తప్ప గుండెకు పని చెప్పదు. నిలబడటం వేరు, నడవటం వేరు. పది అడుగులు వేసి ఆగడం వేరు, పది నిమిషాలు ఆగకుండా నడవడం వేరు.

మీ పని వ్యాయామం కిందికి వస్తుందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. ఆ పని చేస్తూ మాట్లాడి చూడండి. మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. ఊపిరి కొంచెం వేగంగా ఆడుతుంది, ఒళ్ళు వెచ్చబడుతుంది. ఇది సరైన వేగం. హాయిగా పాట పాడగలుగుతుంటే ఇంకొంచెం వేగం పెంచవచ్చు. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే తగ్గించాలి. ఇంకో లెక్క కూడా ఉంది: నిమిషానికి సుమారు నూరు అడుగులు పడితే చాలామందికి అది చురుకైన నడకే. గడియారం చూస్తూ ఒక్కసారి లెక్కపెట్టుకుంటే ఆ తరువాత కాలే జ్ఞాపకం పెట్టుకుంటుంది.

నాడి పట్టుకుని లెక్కించే పద్ధతిని మేము అందరికీ చెప్పము. బి.పి.కి, గుండెకు అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి ఎంత శ్రమపడినా నాడి అంతగా పెరగదు. "నాడి పెరగలేదు కదా" అనుకుని వేగం పెంచుకుంటూ పోతే ప్రమాదం. వారికి మాట పరీక్షే మంచిది.

మొదలుపెట్టేముందు

ఆరోగ్యంగా ఉన్నవారు నెమ్మదిగా నడక మొదలుపెట్టడానికి డాక్టరు అనుమతి కోసం ఎదురు చూడనక్కరలేదు. కానీ కొందరు మాత్రం తప్పనిసరిగా ముందు మాకు కనిపించాలి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు లేదా ఆపరేషను అయినవారు. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతున్నట్టు, పట్టేసినట్టు అనిపించేవారు. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గేవారు; అది కాళ్ళ రక్తనాళాలు ఇరుకైన గుర్తు కావచ్చు. ఎప్పుడైనా శ్రమలో స్పృహ తప్పినవారు. కూర్చున్నప్పుడే బి.పి. 180/110 దాటి ఉన్నవారు. గర్భిణీ స్త్రీలకు నడక మంచిదే, కానీ రక్తస్రావం, బి.పి. వంటి ఇబ్బందులున్నవారు అడిగి మొదలుపెట్టాలి. షుగరు వల్ల కంటి వెనుక పొరలో రక్తనాళాలు దెబ్బతిన్నవారు నడవవచ్చు. బరువులెత్తడం, ముక్కుతూ శ్రమపడటం, తల కిందికి వంచి చేసే ఆసనాలు మాత్రం కంటి డాక్టరును అడగకుండా చేయకూడదు.

ఇక మందుల సంగతి. ఇది కాస్త జాగ్రత్తగా చదవండి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నవారికి నడకలో షుగరు పడిపోవడం చాలా అరుదు. గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, లేదా ఇన్సులిన్ వాడేవారి సంగతి వేరు. మన ఊళ్ళల్లో జరిగే పొరపాటు ఇలా ఉంటుంది. పరగడుపున మాత్ర వేసుకుంటారు. "నడిచి వచ్చి టిఫిను చేద్దాంలే" అని బయలుదేరతారు. దారిలో తెలిసినవారు కలిసి మాటల్లో పడతారు. ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. మాత్ర షుగరును తగ్గిస్తోంది, నడక తగ్గిస్తోంది, కడుపులో ఏమీ లేదు. చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, కళ్ళు మసకబారడం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, మాట తడబడటం. ఇవన్నీ షుగరు పడిపోయిన గుర్తులు. ఇంటి ముందు కూలబడ్డాయనను తాగి పడ్డాడనుకుని అందరూ చూస్తూ వెళ్ళిన సంఘటన మాకు తెలుసు. ఆయన జీవితంలో సారా ముట్టలేదు.

కాబట్టి ఈ మందులు వాడేవారు ముందు నడవండి, వచ్చాక మాత్ర, వెంటనే టిఫిను. లేదా టిఫిను తిన్నాక నడవండి. ఇన్సులిన్ తీసుకునేవారు నడకకు ముందు తొడకు పొడుచుకోవద్దు. కదిలే కాలి నుంచి మందు త్వరగా ఒంట్లోకి పోతుంది, పొట్ట మంచిది. ఇంట్లో షుగరు చూసుకునే మిషను ఉంటే, నడకకు ముందు 100 లోపు ఉన్నప్పుడు రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో తిని వెళ్ళండి. 70 లోపు ఉంటే అది నడిచే సమయం కాదు, తినే సమయం. షుగరు 300 చుట్టుపక్కల ఉండి, వాంతులు, జ్వరం, విపరీతమైన నీరసం ఉన్నా నడవద్దు, ఆస్పత్రికి రండి.

జేబులో, లేదా కొంగున, మూడు టీ స్పూన్ల పంచదార పొట్లం ఎప్పుడూ ఉండాలి. గుర్తులు కనిపించగానే అక్కడే కూర్చుని నోట్లో వేసుకోండి. పావుగంటలో తగ్గకపోతే మరోసారి అంతే వేసుకోండి. తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోను చేయండి.

పాదాలు

మిషను ఆస్పత్రులకు పాదాల గురించి పాత జ్ఞానం ఒకటి ఉంది. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులను, కాళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించి, వేళ్ళు వాటంతట అవే రాలిపోవని, నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బ మీద దెబ్బ తగిలి పాడవుతున్నాయని లోకానికి చూపించారు. నొప్పి ఒక వరమని ఆయన గట్టిగా చెప్పేవారు. ఆ రోగుల కోసం వాడిన మెత్తని మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులే, ఎం.సి.ఆర్. చెప్పులని అంటాము, ఇప్పుడు షుగరు వల్ల స్పర్శ తగ్గినవారికీ ఇస్తున్నారు. మడమకు పట్టీ ఉన్నవి తీసుకోవాలి. బొటనవేలి సందున పట్టీ ఉండే హవాయి చెప్పులు నడకకు పనికిరావు. జారిపోకుండా వేళ్ళతో బిగబట్టి నడవాల్సి వస్తుంది, వేలి సందు ఒరుసుకుపోతుంది.

చీరకట్టు మీద బూట్లు వేసుకుంటే నవ్వుతారని చాలామంది సిగ్గుపడతారు. వెనుక పట్టీ ఉన్న మెత్తని చెప్పులు చాలు. స్పర్శ బాగా ఉన్నవారికి ఖరీదైన బూట్లేవీ అవసరం లేదు. కొత్తవి కొన్నప్పుడు సాయంత్రం కొనండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మొదట ఇంట్లో అరగంట వేసుకుని, విప్పి, పాదం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. తొడుక్కునేముందు చేత్తో లోపల తడమండి. చిన్న రాయి కూడా స్పర్శ లేని పాదానికి మేకుతో సమానం. పచ్చగడ్డి మీద వట్టికాళ్ళతో నడిస్తే మంచిదన్న మాట విని షుగరు ఉన్నవారెవరూ చెప్పులు విప్పవద్దు.

నడిచి వచ్చాక రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకుని చూడవచ్చు, లేదా మనవరాలిని చూడమనవచ్చు. పిల్లల కళ్ళు చురుకైనవి.

మొదటి అయిదు వారాలు

గంట అన్న మాట మరచిపోండి. మొదటి వారం ఇంటి నుంచి అయిదు నిమిషాలు వెళ్ళండి, వెనుదిరిగి అయిదు నిమిషాలు రండి. మొత్తం పది నిమిషాలే. "ఇంతేనా?" అనిపిస్తుంది. అలా అనిపించాలనే చెబుతున్నాము. ఇంకా నడవగలననిపించినప్పుడు ఆగినవాడు రేపు మళ్ళీ వస్తాడు. రెండో వారం పదిహేను నిమిషాలు, మూడో వారం ఇరవై, నాలుగో వారం ఇరవై అయిదు, అయిదో వారానికి అరగంట. వారానికి అయిదు రోజులు అరగంట నడిస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే కనీసపు లెక్క అదే. ఏ వారమైనా కష్టమనిపిస్తే మరో వారం అక్కడే ఉండండి. బాగా బరువున్నవారికి, డెబ్బై దాటినవారికి ఈ అయిదు వారాలు పది వారాలైనా తప్పులేదు. ముందు నిమిషాలు పెంచండి, వేగం తరువాత. రెండూ ఒకేసారి పెంచినప్పుడే మోకాళ్ళు మొర పెడతాయి.

మొదటి రెండు మూడు నిమిషాలు తాపీగా నడిచి అప్పుడు వేగం అందుకోవాలి. చివర కూడా అంతే. వేగంగా నడిచి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళల్లోనే ఉండిపోయి కళ్ళు తిరుగుతాయి. బి.పి. మాత్రలు వాడేవారికి ఇది మరీ ఎక్కువ.

అరగంట ఒకేసారి దొరకనివారు దిగులుపడనక్కరలేదు. పది నిమిషాల కంటే తక్కువ నడక లెక్కలోకి రాదని ఒకప్పుడు చెప్పేవారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నియమాన్ని తీసేసింది. ఇంకా మేలైన సంగతి ఒకటి ఉంది. 2016లో న్యూజిలాండు పరిశోధకులు 41 మంది షుగరు రోగుల చేత కొన్నాళ్ళు రోజుకోసారి అరగంట, కొన్నాళ్ళు మూడు పూటలా భోజనం తరువాత పదేసి నిమిషాలు నడిపించి చూశారు. తిన్న తరువాత పెరిగే షుగరు ఈ రెండో పద్ధతిలో సగటున నూటికి 12 వంతులు తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాతి నడకకు ఫలితం అన్నిటికంటే ఎక్కువ. రాత్రి అన్నం తిని టీవీ ముందు కూర్చునే మన ఇళ్ళకు ఇది సరిగ్గా సరిపోయే మాట.

పదివేల అడుగుల గురించి కూడా అడుగుతుంటారు. ఆ అంకె డాక్టర్లు లెక్క కట్టింది కాదు. 1965 ప్రాంతంలో జపానులో అమ్మిన ఒక అడుగుల లెక్క మిషను పేరులోంచి వచ్చింది. ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళ స్త్రీల మీద చేసిన పరిశోధనలో రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అంతకు మించి లాభం కనబడలేదు. ఫోనులో పదివేలు పూర్తి కాలేదని రాత్రి పదకొండింటికి హాల్లో చుట్లు తిరిగే పెద్దవారికి ఈ సంగతి చెప్పండి.

ఎక్కడ, ఎప్పుడు

రోడ్డు మీదైతే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన నడవండి. చీకటితో వెళ్ళేవారు తెల్లని బట్టలు కట్టుకోండి. కుక్కల భయం, లారీల భయం ఉంటే డాబా మీదో, బడి గ్రౌండులోనో, చర్చి ఆవరణలోనో తిరగండి. ఇంటి వరండాలో అటూ ఇటూ నడిచినా నడకే.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలు మామూలువి కావు. ఉదయం ఏడు లోపు ముగించాలి. ముందు ఒక గ్లాసు నీళ్ళు, వచ్చాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల నీళ్ళు, ఉప్పు తగ్గించమని చెప్పినవారు మాత్రం మమ్మల్ని అడిగి తాగండి. మూత్రం ఎక్కువగా వచ్చే బి.పి. మాత్రలు వాడేవారు ఎండ విషయంలో ఇంకా జాగ్రత్త. వడగాడ్పులున్న రోజున బయటి నడక మానేయండి. ఆ రోజు ఇంట్లోనే కుర్చీ వ్యాయామం చేయండి.

అదేమిటంటే: చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, లేచి నిలబడి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోండి. ధబ్బున కూలబడవద్దు. చేతులు కట్టుకుంటే లేవలేనివారు కుర్చీ చేతులు పట్టుకోవచ్చు. మొదట అయిదుసార్లు, నెలకు పది పన్నెండుసార్లు. అదే కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు ముందుకు నిటారుగా చాచి, అయిదు లెక్కపెట్టి దించండి. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. గోడకు రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి వెనక్కి రావడం చేతులకు మంచిది. ఏది చేసినా ఊపిరి బిగబట్టకూడదు, బి.పి. ఒక్కసారిగా పెరుగుతుంది. లెక్క బయటికి వినబడేలా పెడితే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. ఇవి వడగాడ్పుల రోజులకే కాదు, మామూలు రోజుల్లో కూడా వారానికి రెండుసార్లు అందరికీ కావాలి. వయసుతో కండ తరుగుతుంది. స్నానాల గదిలో జారి తుంటి విరిగి వచ్చే పెద్దవారిని చూసినప్పుడల్లా మాకు ఈ కుర్చీయే గుర్తొస్తుంది.

ఏ నొప్పి మంచిది, ఏది కాదు

మొదలుపెట్టిన మర్నాడు, మూడో నాడు పిక్కలు, తొడలు రెండువైపులా పులిసినట్టు నొప్పిగా ఉంటే భయపడవద్దు. కండరం కొత్త పనికి అలవాటుపడుతోంది. మూడు నాలుగు రోజుల్లో పోతుంది. ఈలోగా నెమ్మదిగా నడవవచ్చు. కానీ ఒకే చోట పొడిచినట్టుండే నొప్పి, కీలు వాపు, ఒక్క పిక్క మాత్రమే ఎర్రబడి వాచడం, ఇవి చూపించుకోవలసినవి. మోకాళ్ళు అరిగినవారికి కాస్త నొప్పి మామూలే. నడక ముగిసిన రెండు గంటల తరువాత కూడా మోకాలు ముందుకంటే ఎక్కువ నొప్పిగా ఉంటే, ఆ రోజు నడక ఎక్కువైందని అర్థం. మానేయకుండా, రేపు తగ్గించండి.

నడుస్తుండగా ఛాతీ మధ్యలో బరువు, బిగింపు, మంట, అది ఎడమ చేతికో దవడకో పాకడం, ఎప్పుడూ లేని ఆయాసం, చల్లని చెమట, కళ్ళు తిరగడం. వెంటనే ఆగి కూర్చోండి. "గ్యాసేమోలే" అని సోడా తాగి ఇంటికి నడిచి వెళ్ళవద్దు. కొద్ది నిమిషాల్లో తగ్గిపోయినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. తగ్గకపోతే 108. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంతోనో, నీరసంతోనో రావచ్చు.

మానకుండా ఉండటం

మొదలుపెట్టడం కంటే ఇదే కష్టం. 2009లో లండనులో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన పరిశీలనలో ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 250 రోజుల పైన. ఇరవయ్యో రోజున "ఇంకా బలవంతంగానే వెళ్తున్నాను" అనిపిస్తే అది మీ బద్ధకం కాదు, ఇంకా సమయం కాలేదంతే. ఒకరోజు తప్పినందువల్ల అలవాటు చెడలేదని కూడా వారు చూశారు. పెళ్ళికో, కోతలకో, వానకో తప్పిపోతుంది. మర్నాడు వెళ్ళండి. నిన్నటిది కూడా కలిపి రెట్టింపు నడవవద్దు.

మీరు ఎలాగూ రోజూ చేసే పనికి నడకను ముడివేయండి. కాఫీ తాగగానే, లేదా బస్సెక్కించడానికి మనవడితో వెళ్ళినప్పుడు, లేదా రాత్రి కంచం కడగగానే. "వీలున్నప్పుడు వెళ్తాను" అన్నవారికి ఎప్పుడూ వీలుండదు. తోడు ఉంటే మరీ మంచిది. గుమ్మం ముందు "వదినా, రావా?" అని ఒకరు నిలబడ్డాక రానని చెప్పడం కష్టం.

మగవారికి ఒక మాట. మీరు ఉదయం గంటసేపు మిత్రులతో నడిచి వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంటోందంటే, ఆ గంటలో ఇంకొకరు నడవడం లేదన్నమాట. ఆవిడకూ షుగరు ఉంది, ఆవిడ చీటీ కూడా మేమే రాస్తున్నాము. వారానికి కొన్ని రోజులైనా ఆ అరగంట పొయ్యి దగ్గర మీరు నిలబడండి.

బరువు తగ్గలేదని మానేసేవారు ఇంకొందరు. మొదటి రెండు నెలల్లో తూకంలో తేడా పెద్దగా కనబడకపోవచ్చు. ఒక్క నడకతోనే, తిండి తగ్గించకుండా, బరువు తగ్గడం అరుదు. నడిచి వస్తూ దారిలో నాలుగు పూరీలు తింటే మరీ అరుదు. తూకం కంటే ముందు మారేవి వేరే ఉన్నాయి: నిద్ర, మెట్లెక్కేటప్పుడు ఊపిరి, మధ్యాహ్నపు నీరసం, షుగరు చీటీలోని అంకె. వాటిని చూసుకోండి.

జ్వరమొచ్చిన రోజుల్లో నడవవద్దు. తగ్గాక ఆపిన చోటి నుంచి కాక, సగం నుంచి మొదలుపెట్టండి. నెల రోజులకు మించి మానేసినవారు మళ్ళీ మొదటి వారం పది నిమిషాల దగ్గరికి రావాలి. షుగరు, బి.పి. అంకెలు తగ్గుతున్నాయని మాత్రలు మీరే తగ్గించుకోవద్దు. తగ్గించవలసి వస్తే మేమే సంతోషంగా తగ్గిస్తాము.

పైన చెప్పిన మాస్టారు పుండు మానాక మళ్ళీ నడక మొదలుపెట్టారు. ఈసారి సన్నని నైలాన్ తీగతో ఆయన పాదాల స్పర్శ పరీక్షించి, ఎం.సి.ఆర్. చెప్పులు కొలతకు కుట్టించి, పగటి వెలుతురులో అయిదు నిమిషాలతో. ఆయన గోడ కాలెండరులో నడిచిన రోజుకు టిక్కు, పాదాలు చూసుకున్న రోజుకు సున్న పెడుతూ వచ్చారు. తప్పిన రోజు పక్కన "వాన" అనో "చుట్టాలు" అనో ఎర్ర సిరాతో రాసేవారు, పిల్లల జవాబు పత్రాలు దిద్దినట్టే. ప్రతి మూడు నెలలకూ ఆ కాగితాలు చింపి మడిచి తెచ్చి మా బల్ల మీద పెట్టేవారు. షుగరు రిపోర్టు కంటే ముందు మేము దానినే చూసేవాళ్ళం.

మీరూ అలాగే చేయండి. వచ్చేసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు మందుల చీటీతోపాటు కాలెండరు కాగితం, రోజూ నడిచే చెప్పులు కూడా తెచ్చుకోండి. మేము చెప్పడం మరచిపోయినా సరే, కూర్చోగానే చెప్పులు విప్పి పాదాలు చూపించండి.